మూడు నిమిషాల కొండగాలి

అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు వెనక సందులో చాంద్‌మహల్ అనే టాకీసు ఉండేది. అక్కడికి మ్యాట్నీకి వచ్చే ఆడవాళ్ళు చేతిసంచీలో తమలపాకులతో పాటు ఒక తువ్వాలు కూడా పెట్టుకొచ్చేవాళ్ళు. వానపాట ఉన్న సినిమా అయితే గొడుగు. గేటు దగ్గర పల్లీలమ్మే ముసలాయన పొట్లం చేతిలో పెడుతూ, "సెకండాఫ్‌ల తుఫానున్నది, జర వెనకకు కూసోండ్రి" అని చెప్పి మరీ పంపేవాడు. ఎడారి సినిమా ఆడిన మూడు వారాలూ ఇల్లాళ్ళు పళ్ళేలతో వడియాలు తెచ్చి తెర ముందు ఎండబెట్టుకుపోయారు. మేనేజరు విసుక్కున్నాడు గానీ, అందులో తన ఇంటి పళ్ళెం కూడా ఉందని చూశాక నోరు మూసుకున్నాడు.

ఇదంతా ఆపరేటర్ ప్రహ్లాద్ చేతి చలవ. అతను నడిపిన రీలులో ఏ గాలి ఉంటే ఆ గాలి, ఏ వాన ఉంటే ఆ వాన హాల్లోకి వచ్చేది. గాలి, వాన, ఎండ, మంచు, అంతే. మనుషులు రారు, నగలు రావు, పెళ్ళిభోజనాలు రావు. నేలటికెట్టు వాళ్ళకి ఆ ఒక్క లోటే ఉండేది. దీనికో లెక్క కూడా ఉంది. కొత్త ప్రింటుకి గాలి జాస్తి, ఆడినకొద్దీ తగ్గిపోతుంది. యాభై రోజులాడిన తుఫాను చివరికి అగ్గిపుల్లని కూడా ఆర్పలేదు.

ప్రహ్లాద్‌కి పని నేర్పిన పెద్దాయన్ని అందరూ ఉస్తాద్ అనే పిలిచేవాళ్ళు. ఆయన చేతికీ ఈ గుణం ఉండేది. పోయేముందు శిష్యుణ్ణి మంచం పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కటే చెప్పాడు.

"బేటా, ఆట కాంగనే రీలు తిరిగి చుట్టు. చుట్టనిదే డబ్బా మూత పెట్టకు. చుట్టని రీలు మిషన్ల ఎక్కిస్తే బొమ్మ తలకిందులు పడతది, ఉల్టా నడుస్తది. అప్పుడు ఇచ్చుడు బందయి గుంజుకునుడు షురూ అయితది. పూరా రీలు ఉల్టా నడిస్తే నీ చెయ్యి ఎండిపోతది. మల్ల ఎన్నడు తడవది."

చేత్తో చుట్టేదానికి లెక్క లేదట. దీపం ముందు నడిస్తేనే. పద్నాలుగేళ్ళ ఉద్యోగంలో ప్రహ్లాద్ ఒక్క రీలు కూడా చుట్టకుండా మూత పెట్టలేదు. ఇల్లు తగలబడుతోందన్నా చుట్టాకే లేచే రకం.

ఊరంతా అతని వానలో తడిసింది గానీ, అతని భార్య శశికళ ఒక్కనాడూ తడవలేదు.

ఆమెకి దమ్ము, ఉబ్బసం. చిన్నప్పటి నుంచీ ఉన్నదే. పెళ్ళైన కొత్తలో ఒకసారి టాకీసుకొచ్చి, హాల్లో బీడీపొగకి తాళలేక, పేర్లు పడకముందే దగ్గుతూ బయటికి నడిచింది. మళ్ళీ రాలేదు. పుట్టింటివాళ్ళు పెట్టిన ఎర్రంచు తువ్వాలు మాత్రం మడతపెట్టి పెట్టెలో దాచుకుంది. "బాగైనంక ఒక వానపాటకు వస్త" అనేది. ప్రహ్లాద్ ఇంటికి రాగానే ఆమె అడిగే మొదటి మాట ఒకటే.

"ఇయ్యాల ఏం పడ్డది?"

"సన్నజల్లు. రెండో పాటకు జర జోరుగ పడ్డది."

"తెల్లచీర కట్టుకున్నోళ్ళు తిట్టుకున్నరా?"

"మస్తు తిట్టుకున్నరు."

ఆమె నవ్వేది. నవ్వు సగంలోనే దగ్గయ్యేది.

వాళ్ళ కాపురం నాంపల్లి స్టేషన్ వెనక, కిరాయికి తీసుకున్న రెండు గదుల్లో. ఒక పక్క నుంచి ఇంజన్ల బొగ్గుపొగ. జనవరి వచ్చిందంటే ఇంకో పక్క నుంచి నుమాయిష్ ఎగ్జిబిషన్ దుమ్ము. లక్షమంది కాళ్ళు లేపిన ధూళి ఆ వీధుల్లో ఇళ్ళన్నిటి మీదా పిండి జల్లెడపట్టినట్టు దిగేది. మృగశిర నాడు చేపమందు మూడేళ్ళు మింగింది శశికళ. మిరియాల కషాయాలూ, అడ్డసరం ఆకు పొగలూ అన్నీ అయ్యాయి. అరవై ఆరు ఎండాకాలంలో దవాఖానలో పెద్ద డాక్టరు ప్రహ్లాద్‌ని పక్కకి పిలిచాడు.

"కొండగాలి తగలాలె. కొండలకు తీసుకపోయి కొన్నాళ్ళుంచు. ఇట్లనే ఉంచితే వచ్చే చలికాలం దాటుతదని నేను చెప్పలేను."

తీసుకుపోదామంటే, కొండలకీ ఆమెకీ మధ్య రెండు రాత్రుల బొగ్గుపొగ ఉంది. కాజీపేట దాటేలోపే ప్రాణం మీదికొస్తుంది. ప్రహ్లాద్ ఆ రాత్రంతా ఆలోచించి, ఆమెని కొండకి తీసుకుపోలేనివాడు కొండగాలినైనా ఆమె దగ్గరికి తేవాలనుకున్నాడు. అతని చేతికి అది చేతనైన పనే కదా.

కానీ బొమ్మ కావాలి. అబిడ్స్‌లో పెన్నుల దుకాణం నడిపే బాలకిషన్, సెక్రటేరియట్‌లో గుమాస్తా రామచంద్రమూర్తి, ప్రహ్లాద్ కలిసి దుకాణం పై గదిలో ఒక ఫిల్మ్ సొసైటీ నడిపేవాళ్ళు. ప్రతి ఆదివారం పొద్దున్నే ఏదో ఒక దేశం బొమ్మ వేసుకుని, అర్థమైనా కాకపోయినా మధ్యాహ్నం దాకా వాదించుకునేవాళ్ళు. సొసైటీకి చిన్న మిషన్ ఒకటి ఉంది. దాన్ని ప్రహ్లాద్ ఇంటికి తెచ్చి, గోడ మీద కొండల బొమ్మలు వేసి చూశాడు. మొదటిది స్టూడియోలో కట్టిన హిమాలయం. గదంతా గుడ్డమీది రంగు వాసనా, పెద్ద ఫ్యాను గాలీ. రెండోది అసలు కొండే గానీ, దేశమంతా తిరిగి తిరిగి అరిగిపోయిన ప్రింటు. శశికళ ముంగురులు కూడా కదల్లేదు.

అట్లాంటి సమయంలో సొసైటీకి ఒక ఉత్తరం వచ్చింది. హిమాలయాల్లో దేవల్‌ధార్ అనే చిన్న ఊళ్ళో అక్టోబరులో అయిదురోజుల ఫిల్మ్ ఫెస్టివల్. దేశంలోని సొసైటీల వాళ్ళందరూ రావాలనీ, ఉండటానికి స్కూలు గదులు ఇస్తామనీ, కంబళ్ళు మాత్రం ఎవరివి వాళ్ళు తెచ్చుకోవాలనీ రాశారు.

"నడువు ప్రహ్లాద్" అన్నాడు బాలకిషన్. "గాడ అన్నీ కొండ బొమ్మలే ఉంటయి. ఒకటి అడుక్కొని తెద్దాం."

"ఈమెను ఇడిచిపెట్టి ఎట్ల రావాలెరా?"

శశికళ మంచం మీద రెండు దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరాడక ఆమె కూర్చునే నిద్రపోయేది. "కొండ నా దగ్గరికి రాదు" అంది. "మీరే పోయి అడిగి రాండ్రి."

పక్క వాటాలో ఉండే బుజ్జమ్మగారు గుంటూరు నుంచి కొడుకు ఉద్యోగంతో పాటు వచ్చిన మనిషి. గుమ్మంలోంచే అందుకుంది. "వెళ్ళిరా నాయనా. అమ్మాయిని కంటికి రెప్పలా చూసుకునే పూచీ నాది. ఇక్కడ కూర్చుని నువ్వు చేసేది మాత్రం ఏముంది, దాని మొహం చూసి నువ్వూ, నీ మొహం చూసి అదీ ఏడవడం తప్ప!"

అలా ముగ్గురూ నాంపల్లి స్టేషన్‌లో ఢిల్లీ బోగీ ఎక్కారు. మూర్తిగారు మూడు రోజులకి సరిపడా పులిహోర తెచ్చారు. బాలకిషన్ కీ ఇచ్చి తిప్పే చిన్న సినిమా కెమెరా ఒకటి ఫోటో స్టూడియోలో కిరాయికి తీసుకుని మెడలో వేసుకున్నాడు. దానికి మూడు రీళ్ళు. మొదటిది ఢిల్లీ స్టేషన్‌లో కోతికీ, మూర్తిగారు తల దువ్వుకోవడానికీ ఖర్చుపెట్టేశాడు. రెండోది కొండ రోడ్డు మీద బస్సు కిటికీలోంచి తీశాడు, అందులో సగం అతని వేలే పడింది.

దేవల్‌ధార్‌లో బస్సు దిగినప్పుడు ప్రహ్లాద్ ఒక్కసారి నిండుగా ఊపిరి పీల్చి, వెంటనే తల దించుకున్నాడు. ఊపిరి అంత సులభంగా లోపలికి పోతుందని అతనికీ అప్పటిదాకా తెలియదు. ఇక్కడ వీధికుక్క కూడా ఈ గాలే పీలుస్తోంది, నా ఇంట్లో మనిషికి లేదు గదా అనుకుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఉన్ని గోదాము ఊడ్చి అందులో తెర కట్టారు. పొద్దున రెండు ఆటలు, సాయంత్రం రెండు. మూర్తిగారు చిన్న పుస్తకంలో అన్నీ రాసుకున్నారు. బాలకిషన్ టీలు తాగుతూ కలకత్తా వాళ్ళతో వాదించాడు. ప్రహ్లాద్‌కి మాత్రం ఒకటే విడ్డూరంగా ఉంది. తెర మీద కుండపోతగా వాన పడుతున్నా హాలు పొడిగానే ఉంది. అక్కడి ఆపరేటర్ చెయ్యి అట్లాంటిది. ఎవరూ ఏమీ అనుకోవడం లేదు. పాపం, వీళ్ళకి అలవాటైపోయిందేమో అనుకున్నాడు.

మూడోరోజు ఆ ఆపరేటర్‌కి జ్వరం తగిలి, ప్రహ్లాద్‌ని మిషన్ దగ్గర కూర్చోమన్నారు. ఆ పూట వేసింది మన తూర్పు తీరంలో జాలర్ల మీద తీసిన చిన్న బొమ్మ. మొదటి కెరటం తెర మీద విరిగేసరికి ఉన్ని గోదాములోకి ఉప్పుగాలి వచ్చింది. సముద్రం మొహం ఎరగని ఆ కొండ మనుషులు పెదవులు నాకి చూసుకుని, ఒకరికొకరు తలలూపుకుని, చలికోట్లు విప్పి ఒళ్ళో పెట్టుకున్నారు. ఓ ముసలమ్మ తడి ఉన్ని తెచ్చి తెర ముందు ఆరేసింది. రామచంద్రమూర్తి మాత్రం వరసలో చివర కూర్చుని కండువాలో మొహం దాచుకున్నారు.

"ఏమైంది మూర్తిగారూ?" అన్నాడు ప్రహ్లాద్ ఆట అయ్యాక.

"ఏం లేదండీ. మా బందరు గాలి. పదేళ్ళయింది తగిలి." కళ్ళు తుడుచుకుని ప్రహ్లాద్ చెయ్యి పట్టుకున్నారు. "మీ చెయ్యి చల్లగా ఉండాలండీ. ఆ అమ్మాయి కోసమైనా ఉండాలి."

నాలుగోరోజు పొద్దున అసలైన కొండల బొమ్మ వచ్చింది. ఎవరో పరదేశి రెండేళ్ళు మంచులో పడుండి తీసింది, కొత్త ప్రింటు. ప్రహ్లాదే నడిపాడు. గోదాములో అందరూ విప్పిన కోట్లు మళ్ళీ తొడుక్కున్నారు. ఆట అవగానే ప్రహ్లాద్ ఫెస్టివల్ సెక్రటరీ దగ్గరికి పోయి, వచ్చీరాని హిందీలో తన గోడు చెప్పుకున్నాడు. ఒక్క నెల ఇయ్యండి, మీ కాళ్ళు మొక్కుతా అన్నాడు.

సెక్రటరీ పెద్దమనిషి. అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఇవన్నీ అరువు బొమ్మలు బాబూ. ఈ సాయంత్రమే సీలు వేసి పంపాలి. ఒక్కటి తిరిగి పోకపోయినా వచ్చే ఏడు మాకెవరూ ఇవ్వరు."

ఆ మధ్యాహ్నం ప్రహ్లాద్ రీలు తిరిగి చుడుతూ ఒక్కడే ఉన్నాడు. బల్ల మీద కత్తెర ఉంది. తెగిన ఫిల్ము అతికేటప్పుడు కొసలు నాలుగు కత్తిరించి జేబులో వేసుకోవడం ఆపరేటర్లందరికీ ఉన్న అలవాటే. నాలుగు బదులు నాలుగువందలు కత్తిరిస్తే ఎవరు చూడొచ్చారు? కత్తెర చేతిలోకి తీసుకున్నాడు కూడా. శశికళ అడిగితే ఏం చెప్పాలి? "ఇయ్యాల ఏం తెంపిండ్రు" అనదు ఆమె. "ఏం పడ్డది" అంటుంది. కత్తెర పెట్టేసి, రీలు చివరిదాకా చుట్టి, మూత వేసి, సీలుకి ఇచ్చేశాడు.

సాయంత్రం గోదాము మెట్ల మీద ముగ్గురూ కూర్చున్నారు. చివరికి బాలకిషనే అన్నాడు. "అరె, నా దగ్గర ఒక రీలు మిగిలింది గదా!"

"నీ ఏలు బొమ్మలా?" అన్నాడు ప్రహ్లాద్. అంత బాధలోనూ మూర్తిగారికి నవ్వొచ్చింది.

"ఏలు అడ్డం పెట్టనురా బాబు. తల్లి మీద ఒట్టు."

మర్నాడు తెల్లారగానే ముగ్గురూ ఊరి పైనున్న గుట్ట ఎక్కారు. మూర్తిగారు పదడుగులకోసారి కూర్చున్నారు. పైన దేవదారు చెట్లు, వాటి వెనక తెల్లటి మంచుకొండలు, మనిషిని నిలవనియ్యని గాలి. ప్రహ్లాద్ చెట్లు చూపించి, గీడికెల్లి తియ్యి అన్నాడు. బాలకిషన్ ఒప్పుకోలేదు.

"మనిషి లేకుంట బొమ్మేందిరా? నువ్వు నిలబడు. వదిన చూస్తది గదా."

అలా ప్రహ్లాద్ గుట్ట కొస మీద నిలబడ్డాడు. గాలికి చొక్కా బుర్రున ఎగురుతుంటే ఏం చెయ్యాలో తోచక, కెమెరాకేసి చూస్తూ ఊరికే ఊపిరి పీల్చాడు. తర్వాత చెట్ల దాకా నడిచి ఆగాడు. బాలకిషన్ కీ ఇస్తూ రీలంతా తీశాడు. మొత్తం మూడు నిమిషాలు.

రీలు కడిగించడానికి బొంబాయి పంపారు. నవంబరు చివర్లో తిరిగొచ్చింది. ఒక ఆదివారం మధ్యాహ్నం కిటికీకి గొంగడి కట్టి, శశికళ మంచం ముందు తెల్లగోడ మీద వేశాడు ప్రహ్లాద్. బొమ్మ కొంచెం వంకరగా ఉంది, అక్కడక్కడా మసక. గాలి మాత్రం అసలు సిసలుది. దేవదారు వాసనతో వచ్చి గదంతా కమ్మింది. పక్క వాటాలో బుజ్జమ్మగారి నేతిగిన్నె గట్టిగా పేరుకుపోయింది. ఆవిడ శాలువా కప్పుకుని ఇంకో గిన్నె తీసింది.

శశికళ నోరు తెరిచి దాహమేసినట్టు పీల్చింది. "అగో, మీరే" అంది గోడకేసి చూస్తూ. "అంగీ గుండీలు పెట్టుకోలేదేంది, సలి పెట్టలేదా?" ఆ రాత్రి దిండ్లు తీసేసి వెల్లకిలా పడుకుని నిద్రపోయింది. పెళ్ళైన ఆరేళ్ళలో ఆమె అలా పడుకోవడం ప్రహ్లాద్ చూడటం అదే మొదలు.

వారానికోసారి వేశాడు. మూడోసారికి బుజ్జమ్మగారికి శాలువా అక్కర్లేకపోయింది. నాలుగోసారికి వాసన పోయింది. తగ్గిపోతోందని మొగుడూపెళ్ళాలకిద్దరికీ తెలుసు. పదిరోజులకోసారికి మార్చాడు. కొత్త రీలు కావాలంటే మళ్ళీ అంత దూరం పోవాలి. అప్పటికి కొండదారులు మంచుతో మూసుకుపోయాయని సెక్రటరీ ఉత్తరం రాశాడు.

జనవరి వచ్చింది. నుమాయిష్ మొదలైంది. రంగులరాట్నం పాటలు వీధిలోకి వినిపిస్తున్నాయి. దుమ్ము ఆకాశానికెక్కి మెల్లగా ఇళ్ళ మీదికి దిగింది. శశికళకి దమ్ము లేచింది. దవాఖానలో సూది వేయించుకొస్తే ఒక పూట ఆగి మళ్ళీ లేచింది. పది రోజులు కంటికి కునుకు లేదు. పదకొండో రోజు ప్రహ్లాద్ రీలు వేశాడు. విసనకర్రతో విసిరినంత గాలి వచ్చింది, అంతే. ఆ కాస్తకే, బొమ్మ అయిపోయేసరికి, శశికళ గోడకి తల ఆన్చి నిద్రపోయింది.

ప్రహ్లాద్ చెయ్యి అలవాటుగా రీలు చుట్టే చక్రం మీదికి పోయింది. ఆ చక్రం పాతది. తిప్పితే బావి గిలకలాగా కిర్రుమంటుంది. ఆమె మొహం చూశాడు. పది రోజుల తర్వాత పట్టిన నిద్ర. లేచినంక చుడతా అనుకుని, చప్పుడు కాకుండా రీలు డబ్బాలో పెట్టి మూత వేశాడు. పద్నాలుగేళ్ళలో అదే మొదటిసారి. తర్వాత మ్యాట్నీకి వేళైంది, పోయాడు. మరి గుర్తు రాలేదు.

నాలుగురోజులకి, ఆదివారం మధ్యాహ్నం, ఆమె పెదాలు నీలంగా మారాయి. కూర్చోబెట్టినా ఊపిరి అందడం లేదు. మెడ నరాలు తాళ్ళలా లేచాయి. బుజ్జమ్మగారు వీపు రాస్తూ, "నాయనా, దీని చేతులు చల్లబడుతున్నాయి, ఏదో ఒకటి చెయ్యి" అని ఏడ్చింది. దవాఖానకి పోదామంటే వీధి నిండా నుమాయిష్ జనం, రిక్షా అంగుళం కదలదు. ఆ జనంలోంచే, కబురందుకున్న బాలకిషన్, మూర్తిగారు ఆదివారం ఆటకని తీసుకుపోయిన సొసైటీ మిషన్‌ని నెత్తిన పెట్టుకుని తెచ్చారు. గొంగడి కట్టారు. ప్రహ్లాద్ డబ్బా మూత తీసి, కొస అందుకుని, మిషన్‌లో ఎక్కించి స్విచ్చి వేశాడు.

గోడ మీద కొండలు పైకప్పు నుంచి కిందికి వేలాడాయి. దేవదారు చెట్లు తలకిందులుగా నిలబడ్డాయి. చెట్ల దగ్గర ఉన్న ప్రహ్లాద్, కాళ్ళు పైకీ తల కిందికీ, వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు.

ఆపరేటర్ చెయ్యి ఆలోచించదు. బొమ్మ తేడా రాగానే స్విచ్చి మీదికి పోతుంది. ప్రహ్లాద్ చెయ్యీ పోయింది. అప్పటికే గదిలో గాలి గోడవైపు కదిలింది. గొంగడి లోపలికి ఉబ్బింది. పరుపులోంచి, దూలాల మీంచి, తలుపు సందుల్లోంచి నుమాయిష్ దుమ్ము సన్నటి పాయలుగా లేచి వెలుతురు దారిలో గోడలోకి పోతోంది. దాని వెనకాలే శశికళ గొంతులోంచి పిల్లికూతలాంటి ఆ చప్పుడు, పుట్టిందగ్గర్నుంచీ ఆమెతో ఉన్న చప్పుడు, దారం లాగినట్టు బయటికొచ్చి అటే పోవడం మొదలెట్టింది.

శశికళ భుజాలు కిందికి దిగాయి. నిండుగా ఒక ఊపిరి తీసుకుంది. ఆమె ఆపరేటర్ పెళ్ళాం, ఉస్తాద్ మాట ఆమెకీ తెలుసు. ఆ ఊపిరితో మొట్టమొదట అన్న మాట ఒకటే.

"ఆపుండ్రి! ఉల్టా నడుస్తున్నది, ఆపుండ్రి!"

ప్రహ్లాద్ ఆమె కళ్ళలోకి చూశాడు. స్విచ్చి మీది చెయ్యి తీసి, వెనక్కి కట్టుకున్నాడు.

"మీ చెయ్యి పోతది! బాలకిషనన్నా, నువ్వన్న ఆపు!"

బాలకిషన్ ముందుకి అడుగేశాడు. మూర్తిగారు అతని భుజం పట్టుకుని ఆపారు. ఆయన కళ్ళు నేల మీదే ఉన్నాయి. మూడు నిమిషాలు. గోడ మీద తలకిందులుగా ఉన్న ప్రహ్లాద్ వెనక్కి నడిచి గుట్ట కొసకి చేరాడు. అక్కడ నిలబడి, పీల్చిన ఊపిరంతా తిరిగి గాలికి ఇచ్చేశాడు. రీలు కొస టపటపమంది. గోడ తెల్లగా మిగిలింది.

గది కడిగినట్టుంది. శశికళ మొహం చేతుల్లో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ ఏడుపు మధ్యలో ఒక్క దగ్గు కూడా రాలేదు.

ఆ రీలుని ప్రహ్లాద్ మళ్ళీ చుట్టలేదు. ఉన్నది ఉన్నట్టు డబ్బాలో పెట్టి, మూత చుట్టూ నవారు కట్టేసి అటక మీద పెట్టాడు.

మర్నాడు చాంద్‌మహల్‌లో వానపాట వచ్చినప్పుడు ముందు వరసలు గొడుగులు విప్పాయి. చుక్క పడలేదు. కొన్నాళ్ళు జనం అలవాటు కొద్దీ తువ్వాళ్ళు తెచ్చారు, తర్వాత మానేశారు. ఎందుకని ఎవరూ అడగలేదు. పల్లీలాయన మాత్రం ప్రహ్లాద్‌కి రోజూ ఒక పొట్లం ఊరికే ఇవ్వడం మొదలెట్టాడు. మేనేజరు నాలుగు ఫ్యాన్లు కొన్నాడు.

శశికళ చలికాలం దాటింది. ఎండాకాలం దాటింది. బిందెతో నీళ్ళు తెస్తూ బుజ్జమ్మగారితో కబుర్లు చెప్పేంత ఊపిరి వచ్చింది ఆమెకి. ఒకటే మారింది. ప్రహ్లాద్ ఇంటికొస్తే ఆమె ఇదివరకు అడిగే మాట అడగడం లేదు. అతను కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చునేవాడు. అన్నం తినేటప్పుడు తన కుడిచేతి కేసి అదోలా చూసుకునేవాడు. తనకేం బాధ లేదనేవాడు గానీ, ఉండదా మరి! ఊరిని తడిపిన చెయ్యి అది.

ఆషాఢంలో కొత్త సినిమా వచ్చింది. అందులో పెద్ద వానపాట ఉందని ఊరంతా చెప్పుకుంటున్నారు. ఆదివారం మ్యాట్నీకి శశికళ పెట్టె తెరిచి, ఎర్రంచు తువ్వాలు తీసుకుని, ప్రహ్లాద్‌కి చెప్పకుండా బయల్దేరింది. గేటు దగ్గర బాలకిషన్, మూర్తిగారు కనిపించి, ఆమెకి చెరోపక్కా కూర్చున్నారు. హాల్లో బీడీపొగ ఎప్పటిలాగే ఉంది. ఆమె హాయిగా పీల్చుకుంది.

పాట మొదలైంది. తెర మీద ఆకాశం విరిగిపడ్డట్టు వాన. హాలు పొడిగా ఉంది. పైన ఫ్యాన్లు తిరుగుతున్నాయి. శశికళ అరచెయ్యి చాపి కూర్చుంది. మూర్తిగారు ఆమెకేసి చూశారు, మెల్లగా గొడుగు విప్పారు. బాలకిషన్ కూడా విప్పాడు. వెనక వరసలో ఎవరో ముసలాయన కండువా తల మీదికి లాక్కున్నాడు. తెలిసినవాళ్ళు తెలిసినట్టు, ఒక్కొక్కరే కొంగులు కప్పుకున్నారు.

పాట అవగానే శశికళ లేచి ఆపరేటర్ గది మెట్లెక్కింది. పద్దెనిమిది మెట్లు, ఎక్కడా ఆగకుండా. తలుపు తోసేసరికి ప్రహ్లాద్ అద్దం కిటికీ దగ్గరే నిలబడి ఉన్నాడు. హాలంతా అక్కణ్ణుంచి కనిపిస్తుంది. అన్నీ చూశాడని అతని మొహమే చెబుతోంది. ఆమె ఇన్నేళ్ళూ అడిగిన మాటే అతను అడిగాడు.

"ఏం పడ్డది?"

"మస్తు పడ్డది" అంది శశికళ. "నిలువునా తడిసిపోయిన. జర తల తుడువుండ్రి."

తువ్వాలు అతని చేతికిచ్చి, జడ విప్పుకుని వీపు తిప్పి కూర్చుంది. ప్రహ్లాద్ ఆ పొడి జుట్టుని కుదుళ్ళ నుంచి కొసల దాకా, పాయ పాయ విడదీసి, రీలు అయిపోయేదాకా తుడిచాడు.